బోర్ల సెన్సర్ నెట్‌వర్క్‌లో ఎవరు ఏం చూశారో మనకూ తెలియకుండా అనుమతులు ఇవ్వడం ఎలా

కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన పల్లెల్లో నలభై బోర్లకు నీటిమట్టం కొలిచే సెన్సర్లు బిగించాం. గంటకోసారి రీడింగ్ వచ్చేది. సంఘం సభ్యులు ఫోన్ నంబరుతో లాగిన్ అయి ఏ బోరులో నీళ్లు ఎన్ని అడుగుల లోతున ఉన్నాయో చూసుకునేవారు. ఒక రైతు తన చేను పక్కనున్న రెండెకరాలు కొనాలనుకున్నాడు. బేరం మొదలుపెట్టక ముందే, ఆ పొలంలో బోరు ఎండాకాలం నిలుస్తుందో లేదో అని వారం పాటు రోజూ రాత్రి చూశాడు. సర్వర్ చూసుకునే మనిషికి అది లాగ్‌లో (సర్వర్ తనంతట తాను రాసుకునే చిట్టాలో) కనబడింది. మాటల్లో మాటగా అమ్మేవాళ్ల చెవిన పడింది. బేరానికి కూర్చునేసరికి ధర పెరిగిపోయింది. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఆ యాప్ మాత్రం మళ్లీ తెరవలేదు.

అక్కడ ఎవరూ హ్యాక్ చేయలేదు. పాస్‌వర్డ్ పోలేదు. రేడియోలో ఎన్‌క్రిప్షన్ (ఇతరులు చదవలేకుండా మార్చి పంపడం) సరిగ్గానే ఉంది. తప్పు మా గేటులో ఉంది. "నీకు చూసే హక్కు ఉందా?" అని అడిగితే సరిపోయే చోట "నువ్వెవరు?" అని అడిగి, జవాబును తేదీతో, టైముతో సహా రాసి పెట్టుకుంది. ఈ రెండు ప్రశ్నలను ఎలా విడదీయాలో ఇక్కడ అడుగడుగునా చెబుతాను. రైతు సంఘానికో, కాలేజీకో, పెద్ద తోటకో సెన్సర్ నెట్‌వర్క్ నడుపుతున్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. కోడ్ రాయడం రాకపోయినా సగం పైన మీరే చేసుకోవచ్చు.

మొదటి అడుగు: ఎవరి నుంచి ఏం దాచాలో కాగితం మీద రాయండి

ఈ పనికి ఒక పూట కేటాయించండి. మీ డేటా చూసేవాళ్లు ఎవరెవరు? రైతులు, బోరు లారీల వాళ్లు, విత్తన డీలర్లు, భూమి మధ్యవర్తులు, పరిశోధన చేసే విద్యార్థులు. వీళ్లలో ఎవరు ఏ బోరు చూశారో బయటపడితే ఎవరికి ఏం నష్టం? ఒక్కొక్కరి పక్కన రాయండి. రైతుకు బేరంలో నష్టం. డీలరుకు పోటీలో నష్టం. అప్పులో ఉన్న రైతు తన బోరు పడిపోతోందేమోనని రోజుకు పదిసార్లు చూసుకుంటుంటే, ఆ టెన్షన్ అప్పిచ్చినవాడికి తెలియడం ఇంకో రకం నష్టం.

తర్వాత, ఎవరి నుంచి దాచాలి? పక్క చేలో రేడియో పెట్టి వినేవాడు, సెన్సర్ పెట్టెను ఊడబీకి పట్టుకుపోయేవాడు అందరికీ గుర్తుకొస్తారు. మిగతా ఇద్దరిని మర్చిపోతాం: క్లౌడ్ సర్వర్ ఇచ్చిన కంపెనీ, మనం. నెట్‌వర్క్ నడిపే మనిషిని ఆ జాబితాలో అందరికంటే పైన రాయండి. మీరు మంచివారే కావచ్చు. కానీ రేపు ఊళ్లో పెద్దమనిషి వచ్చి "ఆ బోరు ఎవరు చూస్తున్నార్రా?" అని అడిగితే, "చెప్పను" అనడానికి ధైర్యం కావాలి. "నా దగ్గర లేదు" అనడానికి ధైర్యం అక్కర్లేదు, ఎందుకంటే అది నిజం. ఆ మాట నిజంగా అనగలిగే స్థితికి నెట్‌వర్క్‌ను తీసుకురావాలి.

రెండో అడుగు: అసలు అడగాల్సిన అవసరం లేకుండా చేయగలరా చూడండి

రహస్య సంతకాల జోలికి పోయే ముందు ఒక చిన్న లెక్క వేయండి. నలభై బోర్లు, రోజుకు 24 రీడింగులు, ఒక్కో రీడింగుకు 2 బైట్లు. మొత్తం 1,920 బైట్లు. రెండు కిలోబైట్లు కూడా కాదు. వాట్సాప్‌లో మనం పంపుకునే ఒక్క ఫొటో దీనికంటే ఎన్నో రెట్లు పెద్దది.

అలాంటప్పుడు "ఏ బోరు కావాలి?" అని అడగడం దేనికి? రోజూ పొద్దున అయిదింటికి అన్ని బోర్ల డేటా ఒకే ఫైలుగా తయారు చేయండి. ప్రతి సభ్యుడి ఫోనూ ఆ ఫైలు మొత్తం దించుకుంటుంది. ఏ బోరు చూడాలో ఫోన్ లోపలే ఎంచుకుంటారు. సర్వర్‌కు తెలిసేదల్లా ఒక ఫోన్ ఈ రోజు ఫైలు తీసుకుందని మాత్రమే. రెండెకరాలు కొనాలనుకున్న ఆ రైతుకు ఈ ఒక్క మార్పు చేసి ఉంటే చాలేది. అడగని ప్రశ్నను ఎవరూ లాగ్‌లో రాయలేరు.

ఇది మనకు కొత్తేమీ కాదు. 2000ల దశకంలో ఆంధ్రప్రదేశ్‌లో కరువు జిల్లాల్లో రైతులే వానను, బోర్ల నీటిమట్టాన్ని కొలిచి, ఆ అంకెలు ఊళ్లో బోర్డు మీద రాసిన ప్రాజెక్టు నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ దానికి తోడ్పాటు ఇచ్చింది. బోర్డు ముందు నిలబడిన మనిషి ఏ అంకె మీద కళ్లు పెట్టాడో ఎవరికీ తెలియదు. ఫోన్‌కు మారినప్పుడు ఆ మంచి గుణాన్ని మనం చేజేతులా పోగొట్టుకున్నాం.

ఫైలు సభ్యులకు మాత్రమే అందాలంటే నెలకో కీతో (తాళంచెవిలా పనిచేసే సంఖ్యతో) దాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి, ఆ కీని సభ్యులందరికీ ఇవ్వండి. ఎవరో ఒకరు బయటివాళ్లకు చెప్పేస్తారు కదా అంటారు. చెబుతారు. నీటిమట్టం విషయంలో ఆ నష్టాన్ని భరించవచ్చని నా అభిప్రాయం. వచ్చే నెల కీ మారుతుంది.

చిన్న నెట్‌వర్క్‌లలో చాలావాటికి పని ఇక్కడితో అయిపోతుంది. మీది అలాంటిదే అయితే ఎనిమిదో అడుగుకు వెళ్లిపోండి.

మూడో అడుగు: పేరు తప్పనిసరైన పనులను పక్కకు తీయండి

కొన్ని పనులు ఎవరు చేశారో తెలిసి తీరాలి. మోటారు ఆన్ చేయడం, వాల్వ్ తిప్పడం, సెన్సర్ సెట్టింగులు మార్చడం. రాత్రి ఎవరో మోటారు వేసి వదిలేస్తే బోరు ఎండుతుంది, మోటారు కాలుతుంది. అక్కడ గోప్యత పేరుతో బాధ్యత నుంచి తప్పించుకునే దారి పెట్టకూడదు. మార్పులు చేసే ఆదేశాలన్నింటికీ పేరుతో లాగిన్, పేరుతో రికార్డు ఉంచండి.

చూడటం వరకే ఉన్న పనులను రెండుగా చేయండి. రోజువారీ ఫైలు అందరిదీ. ఇక పరిమితి పెట్టాల్సినవి ఉంటాయి: నిమిషానికో రీడింగు చొప్పున వచ్చే వివరమైన డేటా, డబ్బు కట్టి తీసుకునే పాత రికార్డులు, పొలంలో సెన్సర్ దగ్గరికెళ్లి ఫోన్‌తో నేరుగా చదువుకునే సౌకర్యం. ఈ మూడింటికీ బ్యాటరీయో, డబ్బో ఖర్చవుతుంది కాబట్టి లెక్క కావాలి. లెక్కకు పేరు అక్కర్లేదు. టోకెన్లు, అంటే పేరు లేని టికెట్ల లాంటి కోడ్‌లు, ఇక్కడే పనికొస్తాయి.

నాలుగో అడుగు: మొదట సంచిలో చీటీలతో మొదలుపెట్టండి

ఆర్టీసీ బస్సులో టికెట్ తీసుకుంటే కండక్టర్ మీ పేరు అడగడు. డబ్బు కట్టారు, టికెట్ ఉంది, కూర్చున్నారు. బస్ పాస్ అయితే దాని మీద మీ ఫొటో, పేరు ఉంటాయి. మన సెన్సర్ యాప్‌లన్నీ పాస్‌లా నడుస్తున్నాయి, టికెట్‌లా నడవాలి.

ప్రోగ్రామర్ లేకుండానే దీన్ని చేసే దారి ఇది. కంప్యూటర్‌తో అయిదు వందల కోడ్‌లు తయారు చేయండి. ఒక్కో కోడ్‌లో 16 అక్షరాలు ఉండాలి, వరసగా ఉండకూడదు, ఊహించడానికి వీల్లేకుండా ఉండాలి. ఒక్కో కోడ్‌ను చిన్న చీటీ మీద ప్రింట్ తీసి, మడిచి, సంచిలో వేసి బాగా కలపండి. సర్వర్‌లో కోడ్‌లను కాకుండా వాటి హ్యాష్‌లను (కోడ్ నుంచి లెక్క కట్టే గుర్తులు, వాటి నుంచి కోడ్‌ను వెనక్కి రాబట్టలేం) ఉంచండి. నెల మొదట్లో సంఘం మీటింగ్‌లో ప్రతి సభ్యుడూ రిజిస్టర్‌లో సంతకం పెట్టి, సంచిలో చెయ్యి పెట్టి తనకు రావలసిన పది చీటీలు తానే తీసుకుంటాడు. ఎవరు ఎన్ని తీసుకున్నారో మీకు తెలుసు. ఎవరి చేతికి ఏ కోడ్ వెళ్లిందో మీకు తెలియదు. ఒక్కో చీటీ ఒక్కసారికే చెల్లుతుంది.

పిల్లల ఆటలా అనిపించినా, సరిగ్గా కలిపితే ఇది గట్టి పద్ధతి. తేలిపోయేది రెండు చోట్ల. చీటీలను మనిషి చేతికి మీరే అందించకూడదు, వాళ్లే తీసుకోవాలి. చీటీల ఫొటో ఎవరూ తీయకూడదు.  చీటీలు తీసుకునేవాళ్లు ఎంత తక్కువ మంది ఉంటే దాగడానికి చోటు అంత తగ్గిపోతుంది.

అయిదో అడుగు: సభ్యులు పెరిగాక, చూడకుండా పెట్టే సంతకానికి మారండి

వందల మందికి ప్రతి నెలా సంచి తిప్పలేం. అదే పనిని ఫోన్‌లో చేయడానికి డేవిడ్ చౌమ్ అనే గణిత, కంప్యూటర్ శాస్త్రవేత్త 1980ల మొదట్లో ఒక దారి చూపించాడు. ఇంగ్లిష్‌లో దీన్ని బ్లైండ్ సిగ్నేచర్ అంటారు. ఆయన చెప్పిన పోలికే తేలికగా అర్థమవుతుంది. ఒక కాగితం మీద మీరో నంబరు రాసుకుని, లోపల కార్బన్ పూసిన కవరులో పెట్టి అంటించారు. సంఘం సెక్రటరీ కవరు విప్పకుండా పైనే సంతకం పెట్టాడు. కార్బన్ వల్ల సంతకం లోపలి కాగితం మీదా పడింది. ఇంటికెళ్లి కవరు తీసేస్తే మీ చేతిలో సెక్రటరీ సంతకం ఉన్న కాగితం ఉంది. సంతకం తనదేనని ఆయన ఎప్పుడైనా ఒప్పుకుంటాడు. అది ఎవరి కవరులోదో మాత్రం చెప్పలేడు.

ఫోన్‌లో జరిగేది ఇదే. ఫోన్ ఒక కొత్త సంఖ్యను పుట్టిస్తుంది. దాని హ్యాష్‌ను మరో యాదృచ్ఛిక సంఖ్యతో గుణించి ముసుగు వేస్తుంది. సర్వర్ సభ్యత్వం చూసుకుని, ఈ నెల కోటా మిగిలి ఉంటే ఆ ముసుగు మీద ఆర్‌ఎస్‌ఏ అనే పద్ధతిలో డిజిటల్ సంతకం పెడుతుంది. ఫోన్ ముసుగు తీసేసి, సంతకం సరైనదేనని తానే ఒకసారి సరిచూసుకుని దాచుకుంటుంది. ఆ సంఖ్య, సంతకం కలిపి ఒక టోకెన్. సర్వర్ ఎంత బలమైన కంప్యూటర్ తెచ్చుకున్నా, ముసుగు సంఖ్య నిజంగా యాదృచ్ఛికమైతే, ఏ టోకెన్ ఎవరిదో వెనక్కి లెక్క కట్టలేదు.

దీన్ని సొంతంగా రాయకండి. చిన్న పొరపాటుతో మొత్తం పోతుంది. 2023 అక్టోబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9474 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం ఈ ఆర్‌ఎస్‌ఏ పద్ధతిని ఎలా చేయాలో ప్రామాణికంగా చెబుతుంది. దాన్ని పాటించే లైబ్రరీ ఏదైనా తీసుకోమని మీ ప్రోగ్రామర్‌కు చెప్పండి. ఆయన దగ్గర కూర్చుని మీరు పట్టుబట్టాల్సిన సంగతులు మాత్రం కొన్ని ఉన్నాయి.

సంతకం పెట్టే కీని ఈ పనికి తప్ప మరి దేనికీ వాడకూడదు. ఏం ఉందో చూడకుండా సంతకం పెడుతున్నాం కాబట్టి, అదే కీతో ఇంకో పని చేస్తే ఎవరైనా మన చేత తెలియకుండానే ఆ పని చేయించుకోగలరు.

టోకెన్ మీద తేదీ, ఊరు, సభ్యత్వ రకం లాంటివి వేయాలని ప్రోగ్రామర్లకు ఆశగా ఉంటుంది. వద్దు. ప్రతి చిన్న వివరమూ జనాన్ని చిన్న గుంపులుగా విడగొడుతుంది. ఆ గుంపులో ముగ్గురే ఉంటే ముసుగు ఉన్నా లేనట్టే. గడువు కావాలంటే నెలకో కీ మార్చండి. హక్కుల్లో తేడా కావాలంటే రెండు కీలు పెట్టండి, ఒకటి మామూలు డేటాకు, ఒకటి వివరమైన డేటాకు. రెండు దాటనివ్వకండి.

ఇంకోటి, చాలామంది పట్టించుకోనిది. సర్వర్ దొంగబుద్ధితో ఒక్క మనిషికి మాత్రం వేరే కీతో సంతకం పెడితే? అప్పుడు ఆ టోకెన్ ఎప్పుడు వచ్చినా "ఇది ఫలానా ఆయనదే" అని తెలిసిపోతుంది. దీనికి విరుగుడు: అందరికీ ఒకటే కీ అని అందరూ చూసుకోగలగాలి. ఆ నెల పబ్లిక్ కీని (సంతకాన్ని సరిచూడటానికి అందరికీ ఇచ్చే కీని) క్యూఆర్ కోడ్‌గా ప్రింట్ చేసి సంఘం ఆఫీసు గోడ మీద అంటించండి. ఫోన్‌తో స్కాన్ చేస్తే యాప్‌లోని కీతో సరిపోయిందో లేదో చెప్పాలి. సరిపోకపోతే యాప్ టోకెన్ తీసుకోకూడదు.

రింగ్ సిగ్నేచర్ అనే ఇంకో దారి ఉంది. రివెస్ట్, షమీర్, టౌమన్ 2001లో ప్రతిపాదించారు. సభ్యుల్లో ఎవరో ఒకరు సంతకం పెట్టారని తెలుస్తుంది, ఎవరో తెలియదు. టోకెన్ ఇచ్చే సర్వర్ అక్కర్లేదు కాబట్టి బాగుందనిపిస్తుంది. కానీ ఆ తొలి పద్ధతిలో సభ్యులు పెరిగేకొద్దీ సంతకం సైజు పెరుగుతుంది. ఒకరు నెలకు పదిసార్లే చూడాలని పరిమితి పెట్టడమూ కష్టం. పొలాల్లోని చిన్న సెన్సర్లకు నేను దీన్ని సిఫారసు చేయను.

ఆరో అడుగు: టోకెన్‌ను ఎక్కడ సరిచూడాలో తేల్చుకోండి

ఇక్కడ రేడియో సంగతి అడ్డొస్తుంది. 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ సంతకం 256 బైట్లు. జిగ్‌బీ లాంటి చిన్న రేడియోలు వాడే 802.15.4 ప్రమాణంలో ఒక ఫ్రేము (ఒక్కసారికి పంపే ముక్క) మొత్తం 127 బైట్లే. మన దేశంలో 865 మెగాహెర్ట్జ్ దగ్గర నడిచే లోరావాన్‌లో (తక్కువ బ్యాటరీతో చాలా దూరం వెళ్లే రేడియో పద్ధతిలో), ఎక్కువ దూరం వెళ్లే సెట్టింగ్ పెడితే ఒక మెసేజ్‌లో పట్టేది 51 బైట్లు. సంతకాన్ని ముక్కలు చేసి పంపడమంటే బ్యాటరీ తినేయడమే.

అందుకని లోరావాన్ నెట్‌వర్క్ అయితే సెన్సర్ దాకా ఏ ప్రశ్ననూ వెళ్లనివ్వకండి. సెన్సర్ తన టైముకు తాను రీడింగు పంపుతుంది. సభ్యుడు టోకెన్ చూపించి సర్వర్ నుంచే డేటా తీసుకుంటాడు. దీనివల్ల ఇంకో మేలు ఉంది. ఎవరు అడిగినా అడగకపోయినా రేడియోలో ఒకే రకం సందడి ఉంటుంది కాబట్టి, పక్క చేలో రేడియో పెట్టి వినేవాడికి ఏమీ తెలియదు. అడిగినప్పుడల్లా సెన్సర్ జవాబు పంపేలా చేస్తే, లోపలి మాట అర్థం కాకపోయినా "ఇప్పుడు ఆ బోరును ఎవరో చూశారు" అని మాత్రం తెలిసిపోతుంది.

పొలంలో నిలబడి బ్లూటూత్‌తో నేరుగా చదివే సౌకర్యం ఇస్తే, సరిచూసే పని సెన్సర్‌దే. ఆర్‌ఎస్‌ఏలో సంతకం పెట్టడం బరువైన పని, సరిచూడటం తేలిక. ఇప్పటి 32 బిట్ల చిప్‌లు దాన్ని సెకనులో చిన్న భాగంలో చేసేస్తాయి. 10 కిలోబైట్ల ర్యామ్ ఉన్న టెలోస్‌బీ అనే పాత సెన్సర్ బోర్డు కాలం నాటివి మీ దగ్గరుంటే ఆ సౌకర్యం పెట్టకండి.

టోకెన్‌ను దారిలో ఎవరైనా కాజేసి తాము వాడుకోకుండా చిన్న ఏర్పాటు చేయాలి. ఫోన్ పుట్టించే ఆ సంఖ్య ఉత్త సంఖ్యగా కాకుండా, ఒక్కసారికే వాడే పబ్లిక్ కీ అయ్యేలా చూడండి. దానికి జోడీ అయిన రహస్య కీ ఫోన్‌లోనే ఉంటుంది. టోకెన్ వాడేటప్పుడు ఆ రహస్య కీతో అభ్యర్థన మీద సంతకం పెడుతుంది. ఈడీ25519 అనే సంతకం పద్ధతి వాడితే కీ 32 బైట్లు, సంతకం 64 బైట్లు. ఆర్‌ఎస్‌ఏ సంతకం 256 బైట్లు కలిపితే మొత్తం 352 బైట్లు. బ్లూటూత్‌కు ఇది పెద్ద బరువేమీ కాదు. టోకెన్‌ను కాపీ కొట్టినవాడి దగ్గర రహస్య కీ ఉండదు కాబట్టి అది వాడికి పనికిరాదు.

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చింది ఇంకొకటి ఉంది. టోకెన్లు సరిచూడటానికి సెన్సర్ పెట్టెలో పబ్లిక్ కీ ఉంటే చాలు. పెట్టెను ఎవరైనా ఊడబీక్కుపోయినా, ఎలాగూ గోడ మీద అంటించిన కీయే వాడికి దొరుకుతుంది. అందరికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టి నడిపే నెట్‌వర్క్‌లో అయితే ఒక్క పెట్టె పోతే అన్ని బోర్లూ పోయినట్టే.

ఏడో అడుగు: ఒకే టోకెన్ రెండుసార్లు వాడకుండా చూడండి

సర్వర్‌లో సరిచూస్తే ఇది సులువు. వాడిన టోకెన్ల హ్యాష్‌ల జాబితా ఒకటి ఉంచండి. అందులో ఉంటే నిరాకరించండి. నెల మారి కీ మారగానే జాబితా చెరిపేయండి.

ఒకదానితో ఒకటి మాట్లాడుకోని సెన్సర్ల దగ్గర చిక్కు వస్తుంది. పొద్దున ఒక బోరు దగ్గర వాడిన టోకెన్‌ను సాయంత్రం ఇంకో బోరు దగ్గర చూపిస్తే దానికెలా తెలుస్తుంది? వాడిన టోకెన్ల జాబితాను గేట్‌వే (సెన్సర్లను ఇంటర్నెట్‌తో కలిపే పెట్టె) రోజుకోసారి సెన్సర్లకు పంచితే సరిపోతుంది. పూర్తి జాబితా పంపితే బరువు కాబట్టి బ్లూమ్ ఫిల్టర్ అనే కుదించిన రూపం వాడతారు. వెయ్యి టోకెన్లకు సుమారు 1,200 బైట్లు పడుతుంది. వందలో ఒకసారి వాడని టోకెన్‌ను కూడా "వాడేశారు" అని పొరబడుతుంది. అలా జరిగితే యాప్ ఇంకో టోకెన్ చూపించాలి, రైతుకు ఆ సంగతి తెలియనక్కర్లేదు. ఈ పొరపాటు కోసమే ప్రతివారికీ ఒకటి రెండు టోకెన్లు ఎక్కువ ఇవ్వండి.

ఒక రోజులోపు మోసం జరగవచ్చు కదా అంటే, జరగవచ్చు. ఒక టోకెన్‌తో రెండు మూడు బోర్లు చూస్తారు, అంతే. దాన్ని ఆపడానికి సభ్యులందరి కదలికలూ గుర్తుపెట్టుకోవడం నాకు న్యాయంగా తోచదు. ఎవరినైనా సంఘం నుంచి తీసేస్తే వచ్చే నెల టోకెన్లు ఇవ్వరు, పాతవి నెలాఖరుకు చచ్చిపోతాయి. అంతవరకు ఓపిక పట్టవచ్చు.

ఎనిమిదో అడుగు: పక్కదారుల్లో కారిపోయేవి ఆపండి

ఎంత మంచి సంతకం పెట్టినా, యాప్ తెరవగానే ఫోన్ నంబరుకు ఓటీపీ పంపితే కష్టమంతా వృథా. ఓటీపీ టోకెన్లు తీసుకునేటప్పుడు మాత్రమే ఉండాలి. డేటా చూసే దారిలో లాగిన్ గానీ, కుకీ (వచ్చినవాళ్లను గుర్తుపట్టడానికి ఫోన్‌లో ఉంచే చిన్న గుర్తు) గానీ, ఫోన్ ఐడీ గానీ ఉండకూడదు. వీలైతే టోకెన్లు ఇచ్చే సర్వర్, డేటా ఇచ్చే సర్వర్ వేరువేరుగా పెట్టి, వేరువేరు మనుషుల చేతిలో ఉంచండి. ఒకటి సంఘం దగ్గర, ఇంకొకటి దగ్గర్లోని కాలేజీ దగ్గర ఉన్నా మంచిదే.

టైము కూడా మాట్లాడుతుంది. రాత్రి 9:14కి ఒకరు టోకెన్ తీసుకుని 9:15కి ఒక టోకెన్ వాడకానికి వస్తే, అది ఎవరిదో చిన్నపిల్లలైనా చెబుతారు. నెల మొదటి వారంలోనే యాప్ తనంతట తాను పది టోకెన్లూ తెచ్చుకుని పెట్టుకోవాలి. వాడకం తర్వాతెప్పుడో జరుగుతుంది.

యాప్‌లో ప్రకటనలు, వాడకం లెక్కించే లైబ్రరీలు ఉన్నాయేమో ప్రోగ్రామర్‌ను సూటిగా అడగండి. క్రాష్ రిపోర్టుల కోసం పెట్టినవి కూడా ఏ పేజీ ఎప్పుడు తెరిచారో బయటికి పంపుతుంటాయి. తీసేయించండి. ఊళ్లో పెట్టిన వైఫై గేట్‌వే అయితే ఫోన్ అసలు మ్యాక్ అడ్రస్ (వైఫైలో ఫోన్‌ను గుర్తుపట్టే నంబరు) రాసుకోకుండా చూడండి. ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్లు మామూలుగా ఒక్కో వైఫైకి ఒక్కో మారు అడ్రస్ చూపిస్తాయి కానీ, అదే నెట్‌వర్క్‌కు మళ్లీ మళ్లీ వస్తే అదే మారు అడ్రస్ వాడుతుంటాయి.

బోరు యజమానులను మర్చిపోవద్దు. వాళ్లూ వాడేవాళ్లే. నిమిషానికో రీడింగు చూస్తే వాళ్లింట్లో మోటారు ఎప్పుడు నడిచింది, ఎన్ని రోజులు నడవలేదు, అంటే ఇంట్లో ఎవరూ లేరా అన్నది కూడా తెలిసిపోతుంది. అందరికీ ఇచ్చే ఫైలులో రోజుకు రెండు మూడు అంకెలే ఉంచి, బోరు ఎక్కడుందో సర్వే నంబరుతో కాకుండా పల్లె పేరుతోనే చూపించగలిగితే మేలు. యజమాని ఒప్పుకుంటేనే అంతకంటే వివరం ఇవ్వండి.

తొమ్మిదో అడుగు: లాగ్‌లు ఏం రాస్తున్నాయో మీ కళ్లతో చూడండి

సర్వర్‌లో లాగిన్ అయి లాగ్ ఫైలు తెరిపించండి. వెబ్ సర్వర్లు మామూలుగా ప్రతి అభ్యర్థనకూ ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో ఫోన్‌కుండే చిరునామా), సెకనుతో సహా టైము, అడిగిన లింకు రాసుకుంటాయి. ఎవరూ రాయమని చెప్పలేదు, అది పుట్టుకతో వచ్చే అలవాటు. ఐపీ రాయడం ఆపించండి. టైమును గంటకు కుదించండి. బోరు నంబరు లింకులో కనబడితే దాన్ని అక్కడి నుంచి తీసి అభ్యర్థన లోపల పెట్టించండి. గంటకు ఎన్ని టోకెన్లు వచ్చాయి, ఎన్ని తిరస్కరించాం, ఏ సెన్సర్ జవాబివ్వలేదు, ఇవి చాలు నెట్‌వర్క్ నడపడానికి. వాటిని కూడా వారం తర్వాత చెరిపేయండి. బ్యాకప్ కాపీల్లో పాత లాగ్‌లు మిగిలిపోతాయి, అక్కడా వెతికి తీసేయండి.

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. మన పనికి సంబంధించినంత వరకు అందులో రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. ఏం డేటా తీసుకుంటున్నారో చెప్పే నోటీసును ఇంగ్లిష్‌లో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు ఇవ్వాలి. తెలుగు అందులో ఉంది. ఒప్పుకోవడం ఎంత సులువో, ఆ ఒప్పుకోలు వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలి.

పదో అడుగు: మీ మీద మీరే గూఢచర్యం చేసి చూడండి

ముగ్గురు సభ్యులను పిలవండి. ఒక్కొక్కరు ఒక బోరును మనసులో అనుకుని, రెండు రోజుల్లో తమకు ఇష్టమైన టైములో పదిసార్లు చూడాలి. ఏ బోరు అనుకున్నారో కాగితం మీద రాసి కవరులో పెట్టి మీకివ్వాలి. రెండో రోజు సాయంత్రం, సంఘంతో సంబంధం లేని తెలివైన కుర్రాడికి మీ దగ్గరున్నవన్నీ ఇచ్చేయండి: టోకెన్లు ఇచ్చిన రిజిస్టర్, రెండు సర్వర్ల లాగ్‌లు, గేట్‌వే లాగ్‌లు, క్లౌడ్ ఖాతా పాస్‌వర్డ్. ఎవరు ఏ బోరు చూశారో కనిపెట్టమనండి. ఊరికే ఊహించినా ముగ్గురిలో ఒకరి విషయంలో సరిగ్గా చెప్పే అవకాశం ఉంది. అందుకని పరీక్షను నాలుగైదుసార్లు, వేరే మనుషులతో చేయండి. అదేపనిగా సరిగ్గా చెబుతుంటే ఎక్కడో కారుతోంది. ఎలా కనిపెట్టావని ఆ కుర్రాడినే అడగండి. చాలాసార్లు జవాబు టైము దగ్గరో, ఐపీ దగ్గరో తేలుతుంది, సంతకం దగ్గర కాదు.

యాప్ కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ, సర్వర్ మార్చిన ప్రతిసారీ ఈ పరీక్ష మళ్లీ పెట్టండి. ఎవరో ఒక ప్రోగ్రామర్ మంచి ఉద్దేశంతోనే లాగ్‌లో ఒక వరుస చేరుస్తాడు, మొత్తం మొదటికొస్తుంది.

పరీక్ష నెగ్గాక సంఘం ఆఫీసులో, క్యూఆర్ కోడ్ పక్కనే, అందరూ చదవగలిగే పెద్ద అక్షరాలతో నోటీసు పెట్టండి. మేం పెట్టినది దాదాపు ఇలా ఉంటుంది, కావాలంటే మీరూ వాడుకోండి:

"మీ పేరు, ఫోన్ నంబరు, ఈ నెల మీరు తీసుకున్న టోకెన్ల సంఖ్య మా దగ్గర ఉంటాయి. మీరు ఏ బోరు చూశారో, ఎప్పుడు చూశారో మా దగ్గర ఉండదు, ఎవరడిగినా ఇవ్వలేం. మోటారు ఆన్, ఆఫ్ చేస్తే మాత్రం మీ పేరుతో రాసుకుంటాం. మీ బోరు వివరాలు అందరి ఫైలులో వద్దనుకుంటే ఇక్కడ చెప్పండి, ఆ రోజే తీసేస్తాం."